నాలుగో అంకం చేసిన మేలు

విక్టోరియా రాణి పాలన చివరి రోజుల్లో లండన్ నాటకకర్తలు స్త్రీత్వానికి చేసిన సేవను ఈనాటి విమర్శకులు తగినంతగా గుర్తించడం లేదు. సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టిన ఆడపాత్రను తెర పడేలోగా ఇంటికో, చర్చికో, కాటికో చేర్చి, టికెట్టు కొన్న పెద్దమనిషిని నిశ్చింతగా ఇంటికి పంపడం సామాన్యమైన పని కాదు.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్'లో, అప్పు కోసం సంతకం ఫోర్జరీ చేసిన నోరా చివరికి భర్తనూ పిల్లలనూ విడిచి తలుపు వేసి వెళ్లిపోయింది. 1884లో ఆ కథను ఇంగ్లండుకు తెచ్చిన హెన్రీ ఆర్థర్ జోన్స్, హెన్రీ హెర్మన్ భార్య చేసిన ఫోర్జరీని భర్త నెత్తిన వేయించారు. ఇక ఆవిడకు గడప దాటవలసిన అవసరమే కలగలేదు. మరో నాటకకర్త పినెరో ఇంకా కట్టుదిట్టమైన మనిషి. 1893లో ఆయన సృష్టించిన పౌలా టాంకరేకు ఒక గతం ఉంది కనుక నాలుగో అంకంలో ఆత్మహత్య చేసుకుంటుంది. ఆ గతంలో పాలు పంచుకున్న కెప్టెన్ ఆర్డేల్‌కు పెళ్లి తప్పిపోతుందే తప్ప ప్రాణభయమేమీ లేదు, ఎందుకంటే మగవాడి గతానికి అనుభవమని పేరు. 1895లో ఆయనే సృష్టించిన ఆగ్నెస్ ఎబ్‌స్మిత్ పెళ్లికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చిన మనిషి. ప్రియుడు తెచ్చిన గౌను తొడుక్కోగానే ఆమెలో సగం సిద్ధాంతం సడలింది. మిగతా సగం కోసం బైబిలును పొయ్యిలోకి విసరనిచ్చి, మరుక్షణంలో ఆమె చేతనే బయటికి తీయించారు. స్త్రీవాదం చేయి కాల్చుకోవడమంటే ఏమిటో గ్యాలరీలో కూర్చున్నవాడికి సైతం అర్థమయ్యే పద్ధతి అది.

ఈ క్రమశిక్షణను చెడగొట్టినవాడు బెర్నార్డ్ షా. ఆయన 1893లో రాసిన 'మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్' నాటకంలోని వివీ వారెన్ కేంబ్రిడ్జి గణితంలో మూడో ర్యాంకుకు సమానంగా నిలిచింది, చుట్ట కాలుస్తుంది, తల్లినీ ప్రియుణ్ణీ సాగనంపి లెక్కల్లో మునిగిపోతుంది. ఏడవదు, చావదు, పెళ్లాడదు. ఇటువంటి మనిషిని ఏ అంకం బాగుచేయగలదు? నాటకాలను సెన్సారు చేసే లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయం ప్రదర్శనకు లైసెన్సు నిరాకరించింది. 1925 దాకా ఇంగ్లండులో ఆ నాటకానికి బహిరంగ ప్రదర్శన లేదు. తల్లి నడిపే వేశ్యాగృహాలే కారణమని అంటారు గానీ, నా అనుమానమంతా కూతురి లెక్కల మీదే.

అంత అప్రమత్తమైన కార్యాలయమూ ఒక్కచోట కునుకు తీసింది. 1895 ఫిబ్రవరిలో ప్రదర్శించిన ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లోని సెసిలీ, వరుడి ముఖమైనా చూడకముందే డైరీలో నిశ్చితార్థం జరుపుకుని, అతని పేరిట ఉంగరం తానే కొనుక్కుని, అతని ప్రేమలేఖలు తానే రాసుకుని, మధ్యలో ఒకసారి సంబంధం రద్దుచేసి క్షమించింది కూడా. పెళ్లి వ్యవహారంలో మగవాడి అవసరం ఇంత తక్కువని వివీ సైతం నిరూపించలేదు. కానీ సెసిలీ తోటలో పూలమొక్కలకు నీళ్లు పోస్తుంది, అతిథికి టీ అందిస్తుంది, కనుక లైసెన్సు ఇచ్చేశారు.