మీ కథ పరిశీలనలో ఉంది

చిన్న పత్రికలకు పాఠకులు కరువయ్యారని సాహిత్య సభల్లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. తెలుగు కథకు పాఠకుడు ఎప్పుడూ ఉన్నాడు. అతని పేరు డీటీపీ ఆపరేటర్, అంటే వచ్చిన కథను అచ్చు కోసం కంప్యూటర్లో కొట్టేవాడు.

ఇది వేళాకోళం కాదు, లెక్క. సంపాదకుడు మొదటి పేజీ, చివరి పేరా చూస్తాడు. బొమ్మ వేసే చిత్రకారుడు ఫోన్లో "కథ ఏంటండీ, రెండు ముక్కల్లో చెప్పండి" అంటాడు. అందుకే కాల్‌సెంటర్ కథకు కూడా బిందె చంకనెత్తుకున్న అమ్మాయే వస్తుంది. ప్రూఫు దిద్దే రచయిత కాగితం మీద ఉన్నది చదవడు, తన మనసులో ఉన్నది చదువుకుంటాడు. చందాదారుడు ముందుగా తన ఉత్తరం పడిందా లేదా చూసుకుంటాడు. చేతిరాత కథను కామా, అరసున్నలతో సహా ఆద్యంతం చదివి తీరవలసిన ఏకైక మానవుడు ఆపరేటరే. అదీ పేజీకి ఇంతని పుచ్చుకుని.

ఇంతటి పాఠకుణ్ని చేరడానికి విధివిధానాలు తప్పనిసరి. మొదటిది హామీపత్రం. ఈ కథ నా సొంతం, అనువాదమూ అనుకరణా కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఫేస్‌బుక్, వాట్సాప్ సహా ఎక్కడా వెలువడలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని సంతకం చేయాలి. అది లేనిదే కథ తెరవరు. ఉంటే తెరుస్తారని పత్రిక ఎక్కడా హామీ ఇవ్వలేదు. హామీ ఇచ్చేది రచయిత ఒక్కడే.

తర్వాత పరిభాష తెలియాలి. "అందింది" అంటే మెయిలు వచ్చింది. "పరిశీలనలో ఉంది" అంటే మెయిలు వచ్చింది. "స్వీకరించాం" అంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "ఉగాది సంచికకు" అంటే ఏ ఉగాదో అడగకూడదు. ఒకప్పుడు కథను తిప్పి పంపడానికి రచయితలే తిరుగు కవరు మీద స్టాంపులు అంటించి పంపేవారు కనుక కథ అచ్చులో రాకపోయినా కవరు రాలేదన్న బాధైనా స్పష్టంగా ఉండేది. 2025లో రిజిస్టరు పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇక "రిజిస్టరు పోస్టులో పంపానండీ" అని దబాయించే సౌకర్యమూ పోయింది.

పోటీలకు పంపేవారు చిన్న అక్షరాలు చదువుకోవాలి. మూడు బహుమతులు పోగా మిగిలినవాటిలో కొన్నింటిని "సాధారణ ప్రచురణకు" ఎంపిక చేస్తారు. ఆ గౌరవానికి డబ్బుండదు, తేదీ ఉండదు. కథను ఇంకో పత్రికకు పంపే వీలూ ఉండదు. ఓడిపోయిన కథే అదృష్టవంతురాలు, దాన్ని మర్నాడే మరో పోటీకి పంపుకోవచ్చు.

ఇక అచ్చు. రచయిత యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల్లో, కొట్టి పంపుతాడు. ప్రెస్సులో ఉన్నది పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ తెలియని "అను" అనే ఫాంట్లు. మధ్యలో అందులోంచి ఇందులోకి మార్చే కన్వర్టర్ ఉంటుంది. విడిగా ఉండాల్సిన అక్షరాలను కలవకుండా ఆపే కంటికి కనబడని గుర్తొకటి యూనికోడ్‌లో ఉంది, మార్పిడిలో అది ఎగిరిపోతుంది. దాంతో "సాఫ్ట్‌వేర్" ఇంజనీరు కాస్తా "సాఫ్ట్వేర్" ఇంజనీరై ఒత్తుల కింద నలిగిపోతాడు. ఇంగ్లీషు లిపిలో ఒక్క మాట ఉన్నా, దానిమీద అను ఫాంటు పడగానే ఏ భాషకూ చెందని తెలుగు అక్షరాల గుట్ట అవుతుంది. ఘట్టాల మధ్య పెట్టిన మూడు చుక్కలు కూడా ఎగిరిపోతే, రెండో ఘట్టంలో చనిపోయిన తాతయ్య తర్వాతి వాక్యంలో కాఫీ తాగుతుంటాడు. విమర్శకులు దీన్ని మనసులో ఆలోచనలు వచ్చిన వరుసలోనే రాసే చైతన్య స్రవంతి శిల్పం అంటారు. రచయిత ఖండించనక్కర్లేదు.

పత్రిక ఫారాల లెక్కన అచ్చవుతుంది, ఫారమంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పదహారు పేజీలు. అరవై నాలుగు పేజీల సంచికలో చివరి నిమిషాన విద్యాసంస్థల ప్రకటన ఒకటి వస్తే అరవై ఐదో పేజీ మొలవదు. కథ ముగింపు పోతుంది. ఆ నెల ఉత్తరాల్లో "ముగింపును పాఠకుడి ఊహకు వదిలేయడం బాగుంది" అని తప్పకుండా ఒకటుంటుంది.

పారితోషికం ప్రస్తావన అసభ్యం. తొలి తెలుగు కథ 1902లో హిందూసుందరిలో వచ్చిన "ధనత్రయోదశి"యా, 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన "దిద్దుబాటు"నా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. ఆ కథలకు ఎంత ముట్టిందని ఎవరైనా అడిగారా? పైగా రచయితే జీవిత చందా కట్టాలి. ఎవరి జీవితమో రసీదు మీద రాయరు. సాధారణంగా పత్రికదే ముందు ముగుస్తుంది.

అచ్చయిన కథకు మాత్రం స్థిరమైన చిరునామా ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం, ఆ పాత సంచికలను భద్రంగా దాస్తోంది. ముద్రారాక్షసాలతో సహా. తాతయ్య అక్కడ శాశ్వతంగా కాఫీ తాగుతుంటాడు.

కనుక మా ప్రతిపాదన ఒక్కటే. కథ పేరు కింద రచయిత పేరు, బొమ్మ కింద చిత్రకారుడి పేరు వేస్తున్నట్టే, చివర "తొలి పఠనం" అని ఆపరేటర్ పేరు వేయాలి. దీనికి ఒక సంపాదకుడు అభ్యంతరం చెప్పారు: యూనికోడ్ వచ్చాక ఆపరేటర్ కూడా చదవడం మానేశాడట, కాపీ చేసి అతికిస్తున్నాడట. న్యాయమైన అభ్యంతరమే. ప్రతిపాదన ప్రస్తుతానికి పరిశీలనలో ఉంది.