గుమ్మడికాయల దొంగను నేనే

మొన్న మన సంఘం మీటింగులో అక్టోబరు పిక్నిక్ సంగతి వచ్చింది. పిల్లలతో గుమ్మడికాయలు చెక్కించడం ఈసారి వద్దని ఒకాయన, అది తీసేస్తే పిల్లలు రానే రారని ఒకావిడ. "హాలోవీన్ మన పండగ కాదు కదండీ" అన్నది ఆయన మాట. ముప్పావు గంట సాగింది. నేను నోరు మెదపలేదు. వాళ్ళంతా కాయ బయట ఏం చెక్కాలా అని కొట్టుకుంటున్నారు, నా మనసేమో కాయ లోపల ఉంది.

ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌కి వచ్చి మాకు 12 ఏళ్ళు. ఏటా ఒక పెద్ద కాయ తేవడం, మూత కోయడం, లోపలిదంతా గరిటెతో గీకి చెత్త సంచిలో వేయడం, కళ్ళూ పళ్ళూ చెక్కి గుమ్మం ముందు పెట్టడం. పోయినేడు తెనాలి నుంచి అత్తయ్య వచ్చి ఉన్నారు. నేను సంచి మూతి కట్టబోతుంటే, "ఆ గింజలేం చేస్తావే అమ్మాయ్?" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇక్కడెవరూ తినరు అత్తయ్యా" అనేశాను. పచ్చి అబద్ధం. ఇక్కడివాళ్ళు శుభ్రంగా వేయించుకు తింటారు. తిననిది మేమే.

ఆవిడ ఆ ముద్దంతా సంచిలోంచి బేసిన్‌లోకి తీసి నీళ్ళు పోశారు. పీచు జిగటగా సాగుతూ వేళ్ళకి చుట్టుకుంటుంది, గింజ పట్టుకుంటే చేప పిల్లలా జారిపోతుంది. నీళ్ళలో పిసికే కొద్దీ గింజలు విడివడి పైకి తేలాయి. వాటిని ఉప్పునీళ్ళలో 10 నిమిషాలు ఉడికించి, తన పాత నూలు చీర ముక్క మీద రాత్రంతా ఆరబెట్టారు. (పేపర్ టవల్ వాడకండి, గింజకి అతుక్కుని ఊడి చావదు.) పొద్దున చెంచాడు నూనె పట్టించి ఒవెన్‌లో 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలిపాం. కారం దించాకే చల్లాలి. ముందే చల్లితే అది మాడి ఇల్లంతా దగ్గులు. అంత కాయకీ వచ్చినవి రెండు దోసిళ్ళ గింజలు. అత్తయ్య పంటి కింద టక్కున చీల్చి, పప్పు తిని పొట్టు గుప్పిట్లో పోగేసుకున్నారు. మావాడికి ఆ విద్య పట్టుబడలేదు, పొట్టుతోనే కరకరలాడించేశాడు.

ఆ ఉత్సాహంలో ఆవిడ చెక్కగా ఊడిన కాయ ముక్కలతో పులుసు కూడా పెట్టారు. ఎంత బెల్లం వేసినా చప్పగా, పీచు పీచుగా ఉంది. తప్పు ఆవిడది కాదు. ఈ నారింజ రంగు కాయని రుచి చూసి పెంచరు, సైజూ షోకూ చూసి పెంచుతారు. మన పులుసు గుమ్మడిది వేరే జాతి, మాస్కేటా. విచిత్రమేమిటంటే ఇక్కడికి ముప్పావు గంట దూరంలోని మార్టన్‌లో, లిబ్బీస్ అనే కంపెనీ ఫ్యాక్టరీలో డబ్బాల్లోకెక్కే డికిన్సన్ గుమ్మడి కూడా ఆ మాస్కేటాయే. బటర్‌నట్ స్క్వాష్ కూడా అంతే. దప్పళానికి అది తెచ్చుకోండి.

ఇక "మన" సంగతి. మెక్సికోలోని వహాకా దగ్గర ఒక గుహలో సుమారు 10,000 ఏళ్ళ నాటి సాగు గుమ్మడి గింజలు దొరికాయి. మన దప్పళంలో తేలే ముక్క కొలంబస్ తరవాత సముద్రం దాటి మన వైపు వచ్చినదే. ఇక్కడి చెక్కుడు ఆచారమూ వలస వచ్చిందే, ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు చెక్కేవాళ్ళు. బూడిద గుమ్మడి ఒక్కటే ఆసియాది. వద్దన్న ఆ పెద్దమనిషి ఇంటి ముందు ఇండియన్ స్టోర్‌లో కొన్న బూడిద గుమ్మడికాయ వేలాడుతూనే ఉంటుంది. ఆ కాయ చేసే పనీ, మా గుమ్మం ముందు పళ్ళు ఇకిలించే కాయ చేసే పనీ నాకైతే ఒకటిగానే కనిపిస్తాయి.

అత్తయ్య కూడా మొదట "తినే కాయని అలా కుళ్ళబెడతారా" అని నొచ్చుకున్నారు. "దసరాకి మీరు రోడ్డు మీద పగలగొట్టరా?" అన్నాను. "దిష్టి తీసింది తినకూడదే" అన్నారు. ఇదీ దెయ్యాల్ని తరమడానికేనని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే తరుముకోండి. గింజలు తీసి తరుముకోండి" అన్నారు.

కమిటీకి నేను చెప్పేదీ అంతే. పిల్లల్ని చెక్కనివ్వండి. బల్లకొక బేసిన్ పెట్టండి. చెక్కిన కాయ వారం తిరక్కుండానే బూజు పడుతుంది, థాంక్స్ గివింగ్ దాకా ఈగలకి వదలకుండా పెరటి మట్టిలో కప్పేయండి. భోజనాల్లోకి బటర్‌నట్ దప్పళం నేను చేసి తెస్తాను, బేసిన్లు కూడా నావే. పాత నూలు చీరలున్నవాళ్ళు తలా ఒకటి పట్టుకురండి.