స్లో మోషన్‌లో పూతరేకులు

ఆగస్టు 12 మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారి పుట్టినరోజు, లైబ్రేరియన్ల దినోత్సవం. ఆ రోజుకి కాలేజీ లైబ్రరీ మీద అరవై సెకన్ల రీలు తయారుగా ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎప్పుడనుకున్నారు? పదో తేదీ సాయంత్రం. 2010లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు మగవాళ్ల బాడీవాష్ ప్రకటనకి పేరడీ తీస్తే జనం ఎగబడి చూశారు కదా, అలాంటిది కావాలిట, కాకపోతే ‘మన పద్ధతిలో’. మన పద్ధతి అంటే అరవైలో నలభై సెకన్లు ప్రిన్సిపాల్ గారి సందేశం.

మిగిలిన ఇరవైలోకీ ఒక్క షాటు పట్టింది. కుర్రాడు అరలోంచి పుస్తకం తీస్తాడు, స్లో మోషన్లో. సెకనుకి 120 ఫ్రేములు తీసి 30 చొప్పున చూపిస్తే ఒక సెకను నాలుగవుతుంది. చిక్కల్లా ట్యూబ్‌లైట్లతో. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మినుక్కుమంటుంది. మామూలు వీడియోకైతే షట్టరు 1/100 సెకను పెడితే సర్దుకుంటుంది. ఇక్కడ ఫ్రేముకి దక్కేదే 1/120, తెరంతా చారలు పాకాయి. సరే, లైట్లార్పి కిటికీ పక్క అరకి మారాం. దాని వర్గీకరణ నంబరు 894.827, అంటే తెలుగు సాహిత్యం. కాలర్ మైకులో గాలి మోత రాకుండా ఫ్యాన్లూ కట్టేశాం. కోనసీమలో, ఆగస్టులో! తుప్పు కనిపిస్తోందని వరస చివర పుస్తకాలు ఒరగకుండా ఆపే బుక్‌ఎండ్లు కూడా తీయించేశారు, అదీ పైవాళ్ల సలహానే.

పుస్తకాన్ని వెన్ను పైకొస పట్టి లాగితే అట్ట ఊడుతుంది. అటూ ఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, నడుం పట్టుకుని తీయాలి. కుర్రాడికి ఇదంతా మూడుసార్లు నేర్పాం. బుద్ధిమంతుడు, అలాగే నెట్టాడు. వెళ్లలేదు. ఇంకాస్త నెట్టాడు. లోపల ఏదో కరకరమంది. మైకు ఆ చప్పుడు ఎంత శుభ్రంగా పట్టిందో!

పుస్తకం చేతికొచ్చింది. ఆసరా లేని వరస పక్కకి ఒరిగింది, దాని వెనకే న్యూస్‌పేపరు పొట్లం ఒకటి జారింది. నాలుగడుగుల ఎత్తునుంచి నేలకి అర సెకను, తెర మీద రెండు సెకన్లు. అది పొట్లం సంగతి. రేకుల సంగతి వేరు. అవి ఆత్రేయపురం రేకులు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జాలులో ముంచిన గుడ్డ దాని మీద అలా పరిచి తీస్తే అంటుకునే పొర అది, ఉల్లిపొర కన్నా పల్చన. అంత తేలికైనది పడదు, తేలుతుంది. నేతిలో మెరుస్తూ, బెల్లప్పొడి రాలుస్తూ, ఒక్కో ముక్కా తీరుబడిగా దిగింది. వెనక గోడ మీద ‘లోపలికి తినుబండారములు తేరాదు’ బోర్డు, ఫోకస్ చెదరకుండా.

“ఏంటయ్యా ఇవి?” అంటే అటెండరు చేతులు నులుముకున్నాడు.

“ఆయ్, నావేనండి. సొరుగులో పెడితే అందరూ చెయ్యి పెట్టేస్తన్నారండి. ఈ అర కాడికైతే ఎవరూ రారు కదండీ.”

‘ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు’ అని రంగనాథన్ గారు 1931లో రాసిన సూత్రం, ఈ రీలు చివర్లో వెయ్యడానికే చార్టు మీద రాయించి పెట్టాం. అది అతని వెనకే ఉంది.

నేతి మరక పడ్డ పేజీలకి టాల్కం పౌడరు చల్లి, బ్లాటింగు కాగితం వేసి, పైన నిఘంటువు బరువు పెట్టాం. మర్నాడు దులపాలి. ఈలోగా ఎడిటింగు చేసే కుర్రాడు ఆ షాటు ఉంచేసి రీలు ఎక్కించేశాడు. పొట్లం పడ్డాక తన సందేశం దాకా ఎవరూ ఆగట్లేదని ప్రిన్సిపాల్ గారు కబురంపారు, దాన్ని మొదట్లోకి జరపాలిట.

రెండ్రోజులుగా 894.827 దగ్గర పిల్లలు గుంపులు కడుతున్నారు. పుస్తకాల వెనక చెయ్యి పెట్టి తడిమి, ఏమీ తగలక వెళ్లిపోతున్నారు.