మేకలు లేని ఇంటికి కాపలాదారు

డాలస్ శివార్లలో 5 పడగ్గదుల ఇల్లు, చుట్టూ ఆరడుగుల చెక్క కంచె సమకూరాక మనవాళ్లకు మిగిలే లోటు ఒక్కటే: పెరట్లో తెల్లటి పెద్ద కుక్క. దిక్కులేని కుక్కలను ఉంచే టెక్సాస్ షెల్టర్లలో ఆ జాతికి, అంటే గ్రేట్ పిరనీస్‌కు కొదవ లేదు. మేకల రాంచ్‌లలో అక్కర్లేకుండా పుట్టినవి కొన్ని, కంచె దాటి పక్క ఊరిని కూడా పర్యవేక్షిస్తూ పట్టుబడినవి కొన్ని అక్కడికి చేరుతుంటాయి.

మూలకు ఒదిగి కళ్లు మూసుకున్న ఆ 45 కిలోల శాంతమూర్తిని చూసి గబుక్కున దత్తత కాగితాల మీద సంతకం పెట్టకండి. అది శాంతం కాదు, బెదురు. షెల్టర్ వాళ్ల లెక్క ప్రకారం బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇల్లు అర్థం కావడానికి 3 వారాలు, అసలు రూపం బయటపడడానికి 3 నెలలు. మొదటి వారంలోనే ‘మావాడు అస్సలు అరవడు’ అని వాట్సాప్ గ్రూపులో ప్రకటించినవారు తర్వాత ఆ మెసేజ్ చెరిపేసుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లు ఫాస్టర్ ఇంట్లో (దత్తత దొరికేదాకా తాత్కాలికంగా పెంచేవాళ్ల ఇంట్లో) ఉన్న కుక్కను ఎంచుకుని, రాత్రి రెండింటికి ఏం చేస్తుందో అడగండి. ఆ ఇంటివాళ్లను కాదు, పక్కింటివాళ్లను.

ఎందుకంటే ఆయన (ఇక గౌరవవాచకమే వాడదాం) ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య కొండల్లో తోడేళ్ల నుంచి గొర్రెలను కాచిన వంశంవారు. పగలు కునుకు, రాత్రి డ్యూటీ. మీదపడి కరవడం చివరి మాట, ముందు గట్టిగా అరిచి ‘నేనున్నాను’ అని చెప్పడమే పని. కొయోటీ (అక్కడి నక్కలాంటి అడవి జంతువు), కుందేలు, ఎదురింటి ఏసీ, అన్నిటికీ ఒకే స్థాయి నివేదిక. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం రాకముందే రాత్రిళ్లు ఇంట్లో పడుకోబెట్టండి. అరిచినప్పుడు మీరూ కిటికీ దాకా వెళ్లి, చూసి, ‘సరే, చూశాను’ అనండి. అధికారి సంతకం పడ్డాక చాలాసార్లు ఫైలు మూసేస్తారు.

కంచె ఉందిగా అనుకోవద్దు. పైనుంచి కుదరకపోతే కిందనుంచి తవ్వుతారు. అడుగున ఇనుప వల పాతి, గేటు గడియకు క్లిప్పు పెట్టాలి. కనబడని కరెంటు కంచె (గీత దాటితే మెడపట్టీ షాక్ కొట్టే ఏర్పాటు) మీద డబ్బు పోయకండి. ఉడుత వెంట వెళ్లేటప్పుడు షాక్ భరిస్తారు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం మళ్లీ ఎందుకు భరించాలని బయటే ఉండిపోతారు. పిలిస్తే వస్తారా? వింటారు, పరిశీలిస్తారు. కాపరి దగ్గర లేనప్పుడు సొంతంగా నిర్ణయాలు తీసుకోవడానికే తరతరాలుగా పెంచిన బుర్ర అది. కాబట్టి వీధిలో లీష్ వదలకూడదు, మెడకు జీపీఎస్, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాల్సిందే.

ఎండాకాలం జాలిపడి తిరుపతి మొక్కులా గుండు కొట్టించేవారున్నారు. ఆ రెండు పొరల బొచ్చే ఎండను ఆపేది. గొరిగిస్తే చర్మం మాడుతుంది. వారానికి రెండుసార్లు దువ్వండి, బొచ్చు రాలే రోజుల్లో రోజూ. వెనక కాళ్లకు రెండేసి అదనపు గోళ్లుంటాయి. నేలకు తగలవు, అరగవు. మరిచిపోతే వంకర తిరిగి చర్మంలోనే దిగుతాయి.

టెక్సాస్ దోమలతో గుండెపురుగు వస్తుంది. షెల్టర్‌లోనే రక్తపరీక్ష చేయించి, నెలనెలా మందు వేయాలి. మందు ధర బరువును బట్టి పెరుగుతుందని గుర్తుంచుకోండి. కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే జీర్ణాశయం మెలిపడినట్టే అనుమానించి, గూగుల్ మానేసి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఇక గుంటూరు నుంచి 6 నెలలకు దిగిన అమ్మమ్మగారికి ముందే చెప్పాలి: ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు, ఎండుద్రాక్ష పాయసం ఆయనకు విషం. ‘ఒక్క ముద్దేగా’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

మేకలు లేవు కదా, ఆయనేం కాస్తారంటారా? మిమ్మల్నే. పిల్లాడు స్కూలు నుంచి వచ్చాడా, తాతగారు వాకింగ్ నుంచి తిరిగొచ్చారా అని హాజరు వేసుకుంటారు. అందరూ లోపలికి చేరాక గుమ్మానికి అడ్డంగా పడుకుంటారు. బాత్రూంకు వెళ్లాలంటే దాటుకుని వెళ్లాల్సిందే, ఆయన మాత్రం లేవరు.