బేయర్న్ మ్యాచ్‌ని వదిలేశారేం?

1983లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ అబర్డీన్ యూరప్ టోర్నీ అయిన కప్ విన్నర్స్ కప్ గెలుపంటే అందరూ గోథెన్‌బర్గ్ ఫైనల్లో హ్యూయిట్ తలతో కొట్టిన గోల్ గురించే రాస్తారు, ఆ గెలుపుపై నేనిప్పుడు చదివిన వ్యాసంలోనూ అంతే. నా లెక్కలో అసలు పరీక్ష జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్‌తో క్వార్టర్ ఫైనల్. అబర్డీన్ సొంత మైదానం పిటోడ్రీలో బేయర్న్ 2-1 ఆధిక్యంలో ఉంది. అబర్డీన్‌కి దక్కిన ఫ్రీకిక్‌కి ఆ జట్టు ఆటగాళ్లు స్ట్రాకన్, మెక్‌మాస్టర్ ఇద్దరూ ఒకేసారి పరిగెత్తి, అయోమయంలో పడ్డట్టు ఆగిపోయారు. బేయర్న్ డిఫెండర్లు కాస్త ఏమరగానే స్ట్రాకన్ గిరుక్కున తిరిగి బంతి లేపాడు, మెక్‌లీష్ తలతో గోల్. నిమిషం తిరక్కుండానే సబ్‌స్టిట్యూట్ హ్యూయిట్ మూడోది కొట్టాడు.

ఫైనల్లో ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కి దక్కిన పెనాల్టీ మాత్రం వాన పుణ్యమే! మెక్‌లీష్ వెనక్కిచ్చిన పాస్ తడి గడ్డిలో ఆగిపోయింది. మాడ్రిడ్ ఆటగాడు సాంటిల్యానా అందుకోబోతే అబర్డీన్ గోల్‌కీపర్ లైటన్ పడగొట్టక తప్పలేదు. మాడ్రిడ్ తరఫున హ్వానితో ఆ పెనాల్టీని గోల్ చేశాడు.