ముందు ప్రతి, తర్వాతే మరమ్మతు

చదవడానికి మొరాయిస్తున్న హార్డ్ డిస్కును ముందుగా చెక్‌డిస్క్‌తో (డిస్కులోని తప్పులు సరిదిద్దే విండోస్ ప్రోగ్రామ్‌తో) బాగుచేయమని మీ సలహాలో రాశారు. దయచేసి ఆ వరుస మార్చండి: ముందు డిస్కు మొత్తానికి ప్రతి (నకలు) తీసి, తర్వాతే మరమ్మతు చేయాలి. చెక్‌డిస్క్ బాగుచేసేటప్పుడు కొన ఊపిరితో ఉన్న డిస్కు మీదే రాస్తుంది.

మాది పర్లాకిమిడి. నాన్నగారి పద్యాల రికార్డింగులున్న 500 జీబీ డిస్కులో ఒక్క ఫోల్డరు తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. బరంపురంలో చదివే మా అబ్బాయి వచ్చి, విండోస్ బదులు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి, డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రామ్‌తో 1 టీబీ కొత్త డిస్కులోకి మొత్తం దించాడు. ఆ ప్రోగ్రామ్ బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న గడుల) దగ్గరకు చివర్లో వస్తుంది. ఎంతవరకు దించిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టడం వల్ల, రెండుసార్లు కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే సాగింది. మరమ్మతు ఆ ప్రతి మీదే చేశాడు. ఆ రాత్రి నాన్నగారి గొంతు మళ్లీ విన్నాం.

డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే మాత్రం ఇవేవీ వద్దు, వెంటనే ఆపేసి నిపుణులకు ఇవ్వండి.