ముందు కార్డా, ముందు కరెంటా?

పాలకొల్లులో ఒకాయన యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు, కంప్యూటర్లు, రొయ్యల చెరువుల మోటార్ స్టార్టర్లు అన్నీ ఒకే బల్ల మీద బాగుచేస్తాడు. ఆయన మేనకోడలిది మొగల్తూరు వైపు పల్లె. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఇన్నాళ్లూ స్టూడియో వాళ్ల సిస్టమ్ మీద చేసింది. ఇప్పుడు లక్ష రూపాయలు పోగుచేసుకుంది. ఒక్కో పార్టూ తనే ఎంచుకుని, తనే బిగించుకుంటానని కాగితం మీద లిస్టు రాసుకొచ్చింది. మా ఇన్వర్టర్ కోసం వెళ్లి ఆ బల్ల పక్కన కూర్చున్న నేను విన్న వాదన ఇది. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

మావయ్య: ఏంటమ్మా ఈ లెక్క? గ్రాఫిక్స్ కార్డుకి ముప్పై రెండు వేలు, అద్దాల క్యాబినెట్‌కి ఆరు వేలు, కంప్యూటర్ మొత్తానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కి పద్దెనిమిది వందలా? యూపీఎస్ అసలు రాయనేలేదే?

అమ్మాయి: యూపీఎస్ తర్వాత కొంటానండి మావయ్యా. నాకు డబ్బు తెచ్చిపెట్టేది కార్డు. రెండర్, అంటే ఎడిట్ చేసింది పూర్తి వీడియోగా తయారవడం, ఎంత తొందరగా అయితే అంత ఎక్కువ పెళ్లిళ్లు ఒప్పుకోవచ్చు.

మావయ్య: నువ్వు రెండర్ పెట్టేది ఎప్పుడు?

అమ్మాయి: రాత్రి పెట్టేసి పడుకుంటాను.

మావయ్య: చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది ఎప్పుడు?

అమ్మాయి: రాత్రే.

మావయ్య: మరి? చీకటి పడితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లారగట్ల మరీనూ. అందుకే రాత్రంతా మోటార్లు ఆడుతూనే ఉంటాయి. మోటారు లేచేటప్పుడు, తిరిగేటప్పటికన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మీ ఊళ్లో కరెంటు పోయి వచ్చిందనుకో, ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ నిమిషంలో మీ ఇంట్లో లైటు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా?

అమ్మాయి: చూడకేం, గుడ్డి దీపంలా ఉంటుంది. కానీ లో ఓల్టేజీకి భయపడాల్సిన కాలం పోయింది మావయ్యా. మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 ఓల్టుల నుంచి 240 దాకా ఏదిచ్చినా తీసుకుంటాయి.

మావయ్య: అవును, మంచివి తీసుకుంటాయి. నువ్వు రాసిన పద్దెనిమిది వందలది మాత్రం తీసుకోదు. దాని లేబుల్ మీద 200–240 అని ఉంటుంది చూడు. ఇదిగో, ఇది ఎత్తు. ఇప్పుడు ఇది. తేడా తెలుస్తోందా?

(రెండు ఎస్‌ఎంపీఎస్‌లు ఆమె చేతుల్లో పెట్టాడు. పైన రాసిన వాట్లు రెండిటికీ దాదాపు ఒకటే. ఒకటి బరువుగా ఉంది, రెండోది ఖాళీ డబ్బాలా తేలిపోతోంది. తేలికదాని మూత అప్పటికే ఊడదీసి ఉంది. ఇన్‌పుట్ దగ్గర కాయిల్ ఉండాల్సిన చోట బోర్డు మీద గుర్తు మాత్రం అచ్చేసి, అక్కడ ఒక తీగముక్క అతికించేశారు. దాని పక్కనే రెండు పార్టుల పిన్నుల మధ్య బల్లి ఒకటి మాడి అంటుకుపోయి ఉంది. వెచ్చగా ఉంటుందని దూరిందట.)

అమ్మాయి: బల్లి మంచిదాన్లోనూ దూరుతుందిగా!

మావయ్య: దూరుతుంది. లోపల షార్టయితే మంచిది వెంటనే ఆగిపోతుంది. ఇది ఆగలేదు. ముందు మదర్‌బోర్డుని, దాంతోపాటు ప్రాసెసర్‌ని కూడా తీసుకుపోయింది.

అమ్మాయి: సరే, 80 ప్లస్ ముద్ర ఉన్నదే తీసుకుంటాను.

మావయ్య: ఆ ముద్ర కరెంటు పొదుపు సంగతి చెబుతుంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతోందో దాన్ని బట్టి తెలుస్తుంది, అంతే. షార్టయితే ఆగుతుందా, ఓల్టేజీ పెరిగితే తట్టుకుంటుందా అన్నది ఆ పరీక్షలో ఉండదు. ముద్ర ఉండాలి, దాంతోపాటు ఐదేళ్ల పైన వారంటీ కూడా ఉండాలి. అన్నేళ్లు మార్చిస్తానని రాసిచ్చేవాడు లోపల చవక సరుకు పెట్టి తట్టుకోలేడు.

అమ్మాయి: ఎస్‌ఎంపీఎస్ విషయంలో మీ మాటే. మూడు వేలో నాలుగు వేలో ఎక్కువ పెడతాను. యూపీఎస్ మాత్రం ఇప్పుడొద్దు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెడితే సిస్టమ్ ఆగకుండా నడుస్తుందని మీరే అన్నారు ఒకసారి.

మావయ్య: అన్నాను. మీది లైను కరెంటులాగే ఇచ్చే సైన్ వేవా, చవకరకం స్క్వేర్ వేవా?

అమ్మాయి: సైన్ వేవే. నాన్న చేత మీరే కొనిపించారు.

మావయ్య: అయితే సగం నెగ్గావు. స్విచ్ మామూలు వైపు ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఇన్వర్టర్ తీరిగ్గా టైం తీసుకుంటుంది. ఫ్యాన్లకు పర్లేదు. ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు ఓర్చుకుంటుంది, అంతకుమించి కాదు. స్విచ్ యూపీఎస్ వైపు ఉంటే ఆ లోపలే మారుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఓల్టేజీ 180కి కిందికి గానీ 260కి పైకి గానీ పోతే మెయిన్ వదిలేసి బ్యాటరీ మీదికి వచ్చేస్తుంది. మామూలు వైపు పెడితే 100 దాకా పడినా, 290 దాకా పెరిగినా అలాగే లోపలికి పంపిస్తుంది.

అమ్మాయి: ఇంకేం, యూపీఎస్ ఖర్చు మిగిలినట్టేగా!

మావయ్య: మీ ఇన్వర్టర్ మీద రాత్రిపూట ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయి? ఫ్రిజ్ కూడా అదే లైన్లో ఉందా?

అమ్మాయి: మూడు ఫ్యాన్లు, లైట్లు. ఫ్రిజ్ ఉంది... అమ్మ పెట్టించింది.

మావయ్య: నీ లెక్క నువ్వే వెయ్యి. ప్రాసెసర్ ఐ5 14400 అని రాశావు. అది పూర్తిగా పనిచేస్తే 148 వాట్ల దాకా పోతుంది. కార్డు 5060 కాబట్టి ఇంకో 145. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్ కలిపి ఎనభై అనుకో. రెండర్ అంటే ఇవన్నీ ఒకేసారి నడుస్తాయి. 370 పైమాటే. దానికి ఫ్రిజ్ కంప్రెసర్ తోడైతే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. పోనీ చవకలో 600 వీఏ యూపీఎస్ కొంటావా, దాన్నుంచి వచ్చేది 360 వాట్లే. అది కూడా కూర్చుండిపోతుంది. 1100 వీఏ తీసుకుంటే 660 వాట్లు వస్తాయి. ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి కావలసినంత టైం ఉంటుంది.

(ఈ లెక్క దగ్గర అమ్మాయి పెన్ను తీసింది. నేను కూడా మా ఇంట్లో ఏది ఏ లైన్లో ఉందో గుర్తు చేసుకున్నాను.)

అమ్మాయి: రాస్తున్నాను. కానీ మావయ్యా, మీరు కరెంటు పోవడం గురించే చెబుతున్నారు. మొంథా తుపానప్పుడు, అదే 2025 అక్టోబరులో, కరెంటు పోతే యూపీఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఏం చేశారు? పావుగంటలో అందరం ఒకటే.

మావయ్య: పోయిన కరెంటుతో నష్టం లేదమ్మా. తిరిగొచ్చేదానితోనే. గాలికి న్యూట్రల్ తీగ తెగి, ఫేజులు అలాగే ఉన్నాయనుకో. ఒక ఇంట్లో ఓల్టేజీ పడిపోయి ఇంకో ఇంట్లో మూడొందలు దాటుతుంది. ఒక్కోసారి 400కి దగ్గర పడుతుంది. ఎంసీబీ పడదు, ఎందుకంటే అది చూసేది ఎంత కరెంటు పోతోందన్నదే, ఓల్టేజీని కాదు. వీధి మొత్తం టీవీలు నా బల్ల మీదికి వచ్చేది అందుకే. మీటరు దగ్గర ఓవర్ ఓల్టేజీ కటాఫ్ ఒకటి పెట్టించు. నీ గ్లాసు క్యాబినెట్ ధరలో వచ్చేస్తుంది.

అమ్మాయి: క్యాబినెట్ మీద మీకెందుకండీ అంత కోపం?

మావయ్య: కోపం కాదు. ముందంతా అద్దం పెడితే గాలి ఎటు నుంచి వస్తుంది? ముందు జాలీ ఉన్నది తీసుకో, ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. అది నేల మీద పెట్టకు. నేల తడిబట్ట పెట్టి తుడుస్తారు, వానాకాలం నీళ్లొస్తాయి, చీమలు, బల్లులు సరేసరి. మీది చెరువు గట్టు పక్క ఇల్లు. ఆ ఉప్పుగాలికి స్క్రూలు ఏడాది తిరక్కుండానే తుప్పుపడతాయి. తుప్పు కనబడితే వారంటీ వాడు చేతులెత్తేస్తాడు. రోజూ ఆన్ చేస్తూ ఉండు. లోపలి వేడికి చెమ్మ నిలవదు.

అమ్మాయి: గ్లాసు తీసేశాను. రంగుల లైట్ల ఫ్యాన్లు కూడా కొట్టేశాను, మీరు అడగకముందే. ఇక ప్రాసెసర్.

మావయ్య: అక్కడ ఎఫ్ ఉన్నది తీసుకో, 14400ఎఫ్. కార్డు కొంటున్నావుగా, ఇక ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఎందుకు? నాలుగు డబ్బులు మిగులుతాయి.

అమ్మాయి: ఇది మాత్రం మీరు పొరబడ్డారు మావయ్యా. మా కెమెరాలు 4:2:2, పది బిట్లలో హెచ్.265 అనే రకం వీడియో తీస్తాయి. మామూలు వీడియోలో నాలుగు చుక్కలకి ఒక రంగే దాస్తారు, ఇందులో రెండు చుక్కలకి ఒకటి. పట్టుచీర జరీ అంచు, తలంబ్రాల పసుపు దిద్దేటప్పుడు తేడా కనబడుతుంది. ఆ ఫైలు చదవడమే కష్టం. ఎడిటింగ్‌లో ముందుకీ వెనక్కీ లాగుతుంటే పట్టేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కి క్విక్ సింక్ అని ఒక భాగం ఉంది. 11వ తరం నుంచి అది దీన్ని నేరుగా చదువుతుంది. ఏఎండీ వాళ్ల రైజెన్‌ చదవదు. ఎన్విడియాలో నా 5060 ఉన్న 50 వరసకి ముందు కార్డులేవీ చదవవు. ఎఫ్ కొంటే గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి ఆ భాగమే పోతుంది. అప్పుడు చదవడానికి కార్డొక్కటే దిక్కు, అది ఆగితే పనే ఆగుతుంది. రెండు వేలు మిగుల్చుకోవడానికి అంత తెగింపు ఎందుకు?

మావయ్య: ... నాకు తెలీదిది.

(ఆయన నోట ఆ మాట రావడం అరుదు. గేములాడే కుర్రాళ్లకి ఎఫ్ కొనమని చెప్పే అలవాటు మీద ఇక్కడా చెప్పేశాడు. పని మారితే సలహా మారాలి. ఈ విషయంలో నేను నూటికి నూరుపాళ్లూ అమ్మాయి వైపు.)

మావయ్య: ఆ ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు చెడిపోతున్నాయని 2024లో గోల జరిగింది కదా?

అమ్మాయి: ఎక్కువ ఓల్టేజీ తీసుకుని పాడైనవి పేరు చివర కే ఉన్న రకాలు, ఐ7, ఐ9లు. ఇంటెల్ రెండేళ్లు అదనంగా వారంటీ ఇచ్చిన లిస్టులో 14400 లేదు. అయినా బోర్డు రాగానే, దాన్ని నడిపే బయాస్ అప్‌డేట్ చేస్తాను.

మావయ్య: సరే. అయితే నీ మాటతోనే నిన్ను అడుగుతాను. వీడియో ప్రాసెసరే చదువుతుందన్నావు. మరి చదవడం కోసం 50 వరస కార్డు అక్కర్లేదన్నమాటే. ఆ ముప్పై రెండు వేలు ఆపు. సీజన్ గడిచాక కొనుక్కో. కార్డు ఎప్పుడైనా పావుగంటలో గుచ్చుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటే తీగలన్నీ లాగి మళ్లీ కట్టుకోవాలి.

అమ్మాయి: చదవడం ఒకటే పనా? ముహూర్తాలు రాత్రి రెండింటికీ మూడింటికీ పెడతారు. పందిట్లో వెలుగు చాలక కెమెరాలో ఐఎస్‌ఓ, అంటే వెలుగుని పట్టే శక్తి, పెంచుతారు. బొమ్మంతా ఇసుక చల్లినట్టు నాయిస్. అది తగ్గించేది కార్డే. ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో చేస్తే పాకుతుంది. సీజన్ అయ్యాక కార్డు కొని ఏం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?

మావయ్య: అయితే సెకండ్ హ్యాండ్‌లో 3060 చూడు. 2021లో వచ్చింది. 12 జీబీ మెమరీ. నీ 5060కి ఎనిమిదే. నాయిస్ పనికి మెమరీ ఎక్కువుంటేనే నయం. 4:2:2 చదవలేకపోతేనేం, దానికి నీ క్విక్ సింక్ ఉందిగా. చాలా తక్కువలో వస్తుంది. మిగిలింది యూపీఎస్‌కి, కటాఫ్‌కి.

అమ్మాయి: ఇందాకటి నుంచి వారంటీ, వారంటీ అన్నది ఎవరు?

మావయ్య: నేను చూసి ఇస్తాగా. హీట్‌సింక్ విప్పి, తుప్పు ఉందో లేదో, ఫ్యాన్లు అరిగాయో లేదో చూస్తాను. గంటసేపు ఫుల్ లోడ్‌లో తిప్పి చూస్తాను.

అమ్మాయి: గంట సంగతి సరే. నేను దాన్ని రాత్రులు రాత్రులు తిప్పాలి. సీజన్ మధ్యలో పోతే డబ్బు వెనక్కి ఎవరిస్తారు?

(ఇక్కడ ఇద్దరి వాదనలూ తారుమారయ్యాయి. కరెంటు విషయంలో జాగ్రత్త జాగ్రత్త అన్న మనిషి పాత కార్డు కొనమంటాడు. యూపీఎస్ తర్వాత చూద్దామన్న పిల్ల వారంటీ కావాలంటుంది. నాకైతే అమ్మాయి భయమే న్యాయంగా అనిపించింది. ఇంట్లో సరదాగా వాడుకునేవాళ్లకి పాత కార్డు బేరమే. దాని మీదే అడ్వాన్సులు తీసుకునేవాళ్లకి కాదు.)

మావయ్య: మరి డబ్బు ఎక్కడ సర్దుతావు? ర్యామ్ చూశావా, 2025 చివర్నుంచి ధరలు ఎలా పెరిగాయో?

అమ్మాయి: చూశాను. అందుకే 32 జీబీ రాసినచోట 16 చేస్తున్నాను. ఎనిమిది, ఎనిమిది రెండు ముక్కలు, నాలుగు స్లాట్ల బోర్డు. తర్వాత ఇంకో జత వేసుకుంటాను. ఎస్ఎస్‌డీ ఒక టీబీ ఉంటుంది. పాత పెళ్లిళ్లు దాచడానికి స్టూడియో హార్డ్‌డిస్క్ ఉంది. అలా చేస్తే కొత్త కార్డు, మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మూడూ వస్తాయి.

మావయ్య: పదహారుతో ఆ ఎడిటింగ్ చేస్తే విసుగొస్తుంది నీకు.

అమ్మాయి: వస్తుంది. విసుగుకి వారంటీ అక్కర్లేదుగా.

మావయ్య: సరే నీ ఇష్టం. ఇంకొక్కటి. మీ ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటుందా?

అమ్మాయి: చెప్పులు లేకపోతే కొంచెం. ఎందుకూ?

మావయ్య: ఎర్త్ తీగ లేదు, లేకపోతే ఎక్కడో ఊడింది. ఎస్‌ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే నీ క్యాబినెట్ మీద సుమారు 115 ఓల్టులు తేలుతూ ఉంటాయి. కెమెరా కేబుల్ గుచ్చిన ప్రతిసారీ ఆ పోర్టుకి దెబ్బే. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టావో, నా దగ్గరికి రాకు.

అమ్మాయి: ఎర్తింగ్ గుంత ఎవరు తవ్వుతారు?

మావయ్య: మీ నాన్నని తవ్వమను. మీ ఊళ్లో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లే. బొగ్గు, ఉప్పు, జీఐ పైపు తెచ్చి ఉంచమను. నేను ఆదివారం వచ్చి లాగుతాను. బిగించేటప్పుడు కూడా ఉండనా?

అమ్మాయి: ఎర్తింగ్‌కి రండి. బిగించేది నేనే. మీరు కుర్చీలో కూర్చుని చూడండి, చెయ్యి పెట్టకూడదు.